ఐదు నిమిషాలే కదా అనుకోకండి: ప్రెయిరీ చలికాలానికి ముందు జాగ్రత్తలు

అక్టోబరు రెండో సోమవారం థాంక్స్‌గివింగ్ అయిపోయింది. కెనడా ప్రెయిరీ మైదానాల్లోని మా సస్కాచెవాన్‌ రాష్ట్రంలో గోధుమ, కనోలా (నూనెగింజల పంట) కోతలు దాదాపు ముగిశాయి. చిన్న ఊళ్లలో చర్చి హాళ్ల ముందు ఫౌల్ సప్పర్ బోర్డులు వెలిశాయి. కోతలయ్యాక ఊరంతా ఒకచోట కూర్చుని టర్కీ, బంగాళాదుంప ముద్ద తినే విందు అది. ఒకరకంగా మన సంక్రాంతే. కాకపోతే మనకి సంక్రాంతి వెళ్లాక ఎండలు ముదురుతాయి, ఇక్కడ ఈ విందు వెళ్లాక చలి ముదురుతుంది. ఈ ఏడాదే రిజైనాకో, సాస్కటూన్‌కో వచ్చిన మనవాళ్లకి ఈ నాలుగు మాటలు ఇప్పుడే చెప్పాలి. డిసెంబరులో చెప్పి లాభం లేదు.

ఇక్కడి చలి గురించి భయపెట్టేవాళ్లు చాలామందే ఉంటారు. 1885 జనవరిలో రిజైనాలో మైనస్ 50 డిగ్రీలు నమోదైన మాట నిజమే. కానీ మైనస్ 40 అని తెలిస్తే ఎవరైనా ఒళ్లు కప్పుకునే బయటికి వెళ్తారు. దెబ్బతినేది "ఐదు నిమిషాలే కదా" అనుకున్నప్పుడు. నేను వచ్చిన మొదటి జనవరిలో టీషర్టు, హవాయి చెప్పులతో చెత్త పారేయడానికి బయటికి వెళ్లాను. వెనక తలుపు దానంతటదే లాక్ అయిపోయింది. ఫోను లోపల, తాళాలూ లోపలే. పక్కింటావిడ తలుపు తీసేలోపు నా వేళ్లు తెల్లగా పాలిపోయాయి. విండ్ చిల్ (గాలి వల్ల ఒంటికి తగిలే అసలు చలి) మైనస్ 28 దాటితే 10 నుంచి 30 నిమిషాల్లో, మైనస్ 40 దాటితే 5 నుంచి 10 నిమిషాల్లోనే చర్మం గడ్డకట్టొచ్చు. అందుకే ఫోన్లో ఉష్ణోగ్రత ఒక్కటే కాదు, విండ్ చిల్ కూడా చూడండి. గాలికి అడ్డుగా ఒక్క గుట్ట కూడా లేని నేల ఇది.

మా అమ్మ ఫోన్ చేస్తే మొదటి ప్రశ్న, "ఏరా, చెవులు కప్పుకున్నావా?" పార్కా (మందపాటి చలికోటు) కోసం వందల డాలర్లు పోసి, టోపీ మర్చిపోయేవాళ్లని చూస్తుంటే అమ్మ ప్రశ్నే సరైనదనిపిస్తుంది. ముందు చెడేవి చెవులు, ముక్కు, వేళ్లే. వేళ్లు విడివిడిగా ఉండే గ్లోవ్స్ కన్నా అన్నీ ఒకచోట ఉండే మిట్టెన్స్ వెచ్చగా ఉంటాయి. నూలు సాక్సులు చెమటకి తడిసి కాళ్లని చల్లబరుస్తాయి, ఉన్నివి కొనుక్కోండి. లోహపు జుంకాలు, కమ్మలు బయట చర్మాన్ని కొరికేస్తాయి, తీసి పర్సులో వేసుకోండి. ఇనప స్తంభానికి నాలుక ఆనిస్తే అంటుకుపోతుందని పిల్లలకి ముందే చెప్పండి. చెప్పినా ఒకడు ఆనిస్తాడు. అప్పుడు లాగకుండా గోరువెచ్చటి నీళ్లు పోయండి.

కార్తీక మాసం సరిగ్గా మంచు మొదలయ్యే రోజుల్లోనే వస్తుంది. తెల్లవారుజామున తలస్నానం చేసి తడి జుట్టుతో బయటికి వెళ్తే బస్సు వచ్చేలోపు జుట్టు పుల్లల్లా బిగుసుకుపోతుంది. హెయిర్ డ్రయర్ వాడితే స్నాన ఫలం పోదు. అయ్యప్ప మాల వేసుకునేవాళ్లకి ఇంకో మాట. వట్టికాళ్ల నియమం శబరిమల దారికి సరిపోతుందేమో, ఇక్కడ మంచులో వేళ్లు పోతాయి. మీ గురుస్వామిని అడగండి. నా మటుకు నేను బూట్లు వేసుకోమనే అంటాను.

గుడికి వెళ్తే గుమ్మం దగ్గర విడిచిన బూట్ల మంచు కరిగి నేలంతా తడి. ఇంకో జత సాక్సులు జేబులో పెట్టుకోండి. ఇంట్లో హారతి పొగకి అలారం మోగిందని దాని బ్యాటరీ పీకేయకండి. ఇవి చెక్క ఇళ్లు.

ఇక కారు. ముందు భాగం నుంచి వేలాడే ప్లగ్గు చూసి "ఇదేమైనా ఎలక్ట్రిక్ కారా?" అని నేనూ అడిగాను. అది ఇంజిన్‌ని వెచ్చగా ఉంచే బ్లాక్ హీటర్ వైరు. మైనస్ 15 దాటితే రాత్రే కరెంటుకి తగిలించండి. 7 డిగ్రీల కిందికి పోతే మామూలు టైర్ల రబ్బరు బిగుసుకుంటుంది, వింటర్ టైర్లు ఇప్పుడే వేయించండి. పెట్రోలు సగం ట్యాంకుకి తగ్గనివ్వకండి.

మా పక్కింటావిడ తాతలు ఉక్రెయిన్ నుంచి వచ్చినవాళ్లు. జనవరి 6 రాత్రి, వాళ్ల పాత క్యాలెండరు ప్రకారం క్రిస్మస్ ముందు రోజు, ఆవిడ కిటికీలో ఒక కొవ్వొత్తి వెలిగిస్తుంది. దారి తప్పినవాళ్లెవరైనా ఉంటే ఇక్కడ భోజనానికి చోటుందని తెలియడానికట. అదే ప్యాకెట్లోంచి ఇంకో కొవ్వొత్తి తీసి, అగ్గిపెట్టెతో పాటు ఖాళీ కాఫీ డబ్బాలో పెట్టి కారులో పడేస్తుంది. ఇరుక్కుపోయిన కారులో చలి కాస్త విరగడానికి ఆ చిన్న మంట పనికొస్తుంది. ఆ డబ్బా పక్కనే దుప్పటి, పార, టార్చి, ఎర్ర గుడ్డ, తినడానికి ఏదైనా ఉంచండి. మా కారులో పల్లీ చిక్కీలు ఉంటాయి.

జీపీఎస్ పది నిమిషాలు కలిసొస్తాయని గ్రిడ్ రోడ్డు చూపిస్తే వినకండి. పొలాల మధ్య గీతలు గీసినట్టుండే ఆ కంకర రోడ్లలో మంచు పడితే రోడ్డేదో, పక్క గుంటేదో తెలియదు. బయల్దేరే ముందు రోడ్ల పరిస్థితి చెప్పే హైవే హాట్‌లైన్ చూసి, ఏ దారిలో వెళ్తున్నారో ఒకరికి చెప్పండి. ఇరుక్కుంటే కారు దిగి నడవొద్దు. దూరంగా దీపం కనిపిస్తున్నా వద్దు. గంటకి పది నిమిషాలు ఇంజిన్ నడపండి. ప్రతిసారీ ముందు సైలెన్సర్ గొట్టం చుట్టూ మంచు తీసేయండి, లేకపోతే వాసన కూడా లేని విషవాయువు లోపలికి వస్తుంది. ఇంజిన్ నడిచినా, కొవ్వొత్తి వెలిగినా ఒక కిటికీ కొంచెం దించి ఉంచండి.

ఇంటికి కూడా అదే ప్రమాదం. ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్ గొట్టం బయట గోడకి ఎక్కడ తెరుచుకుంటుందో ఈ వారమే వెతికి పెట్టుకోండి, తుఫాను వెళ్లిన ప్రతిసారీ దాని ముందు మంచు తవ్వాలి. కార్బన్ మోనాక్సైడ్ అలారం పనిచేస్తోందో లేదో బటన్ నొక్కి చూడండి.

కుండీలో కరివేపాకు మాత్రం సెప్టెంబరులోనే లోపలికి తేవాల్సింది. ఇంకా బయటే ఉంటే, పోయినట్టే. వచ్చే ఏడాది మా చెట్టు నుంచి ఒక పిలక ఇస్తాను.