ఆర్‌సీ ట్రక్కు తారు రోడ్డు మీద పల్టీ కొట్టకుండా మార్చుకోవడం ఎలా?

మట్టిలో గంతులేసే ఆర్‌సీ (రిమోట్ కంట్రోల్) ట్రక్కును అలాగే తీసుకెళ్లి కాలనీ రోడ్డు మీద పెట్టి, ఫుల్ స్పీడులో మలుపు తిప్పితే ఏమవుతుందో ఈ పిచ్చి ఉన్నవాళ్లందరికీ తెలుసు. పల్టీ! దీనికి చాలామంది చేసేది ఇంకా పెద్ద మోటర్ కొనడం. దయచేసి ఆ పని చేయకండి. మట్టిలో టైరు కాస్త జారుతుంది కాబట్టి బండి నిలబడుతుంది. తారు మీద టైరు నేలను పట్టుకుని వదలదు, పైన ఎత్తులో ఉన్న బరువు మాత్రం మలుపు బయటివైపుకు తోసుకుపోతుంది, అంతే, తిరగబడుతుంది. అందుకని ముందు ఎత్తు, తర్వాత టైర్లు, ఆ తర్వాతే మిగతావి. నేను చెప్పేవన్నీ 1/10 స్కేల్ (అసలు బండిలో పదో వంతు సైజు) ఎలక్ట్రిక్ ట్రక్కుల గురించి.

1. బండిని కిందికి దించండి

షాక్‌ల (షాక్ అబ్జార్బర్ల) మీద మర ఉన్న కాలర్ ఉంటే పైకి తిప్పి స్ప్రింగ్ వదులు చేయండి, క్లిప్పులు ఉంటే సన్నవి వేయండి. బ్యాటరీ పెట్టి, బండిని జానెడు ఎత్తు నుంచి నేల మీదికి వదిలి, కుదురుకున్నాక పక్కనుంచి చూడండి. సస్పెన్షన్ ఆర్మ్‌లు (చక్రాలను బండికి కలిపే చేతులు) నేలకు దాదాపు సమాంతరంగా ఉంటే సరిపోయినట్టే. ఇంకా ఎత్తుగానే ఉంటే షాక్ విప్పి, లోపల పిస్టన్ కింద రాడ్‌కు చిన్న గొట్టం ముక్క తొడగండి, ఆ మేరకు షాక్ సాగడం తగ్గుతుంది. ఎడమ, కుడి ముక్కలు ఒకే పొడవుండాలి, లేకపోతే బండి ఒక పక్కకే లాగుతుంది.

ఎంత దించాలి? ట్రాక్ మీద తిరిగే టూరింగ్ కార్లు నేలకు 5, 6 మిల్లీమీటర్ల ఎత్తులో పోతాయి. అది చూసి మీరూ అంత దించితే మన కాలనీల స్పీడ్ బ్రేకర్లు, లేచి ఉన్న మ్యాన్‌హోల్ మూతలు ఛాసిస్‌ను, అంటే బండి అడుగు చట్రాన్ని, గీకి పారేస్తాయి. 20 నుంచి 25 మిల్లీమీటర్లు ఉంచుకోండి.

షాక్ ఎలాగూ విప్పారు కదా, ఆ పనిలో పనిగా ఆయిల్ కూడా మార్చేయండి. మామూలుగా 30 వెయిట్ (అంకె పెరిగితే ఆయిల్ చిక్కన) ఉంటే 40 లేదా 50 వేయండి. ఎండకు ఆయిల్ పలచబడుతుంది కాబట్టి హైదరాబాద్ వేసవికి 50 వైపే నా ఓటు. ఆయిల్ పోశాక పిస్టన్‌ను నెమ్మదిగా పైకీ కిందికీ ఆడించి, గాలి బుడగలు పూర్తిగా పోయాకే మూత బిగించండి. స్ప్రింగులు ఒక మెట్టు గట్టివి వేస్తే మంచిది, వేశాక ఎత్తు మళ్లీ చూసుకోండి. మీ మోడల్‌కు యాంటీ రోల్ బార్లు దొరికితే ముందూ వెనకా రెండూ వేయండి, మలుపులో బండి వాలడం బాగా తగ్గుతుంది.

2. టైర్లు

ట్రక్కుతో వచ్చే పెద్ద గుబ్బల టైర్లు స్పీడులో ఉబ్బి, మధ్య గీత మీద మాత్రమే నేలను తాకుతాయి. వాటి బదులు లోపల బెల్ట్ ఉన్న, ఎత్తు తక్కువ ఆన్‌రోడ్ టైర్లు కొనండి. కొనేముందు హెక్స్ (చక్రం ఇరుసు మీద కూర్చునే ఆరు పలకల ముక్క) సైజు చూసుకోండి, 1/10లో ఎక్కువగా 12 మిల్లీమీటర్లు, పెద్ద బండ్లకు 17. చక్రాలు కాస్త బయటికి వచ్చే ఆఫ్‌సెట్ దొరికితే ఇంకా నయం, బండి వెడల్పు పెరిగితే పల్టీ తగ్గుతుంది. అతికించని టైర్లయితే రిమ్ అంచును స్పిరిట్‌తో తుడిచి, ఫెవిక్విక్ లాంటి పలచటి జిగురు చుక్కలుగా వేయండి.

మరీ మెత్తటి రబ్బరు మాత్రం వద్దు. మే నెల సాయంత్రం 5 గంటలకు కూడా తారు కాలుతూనే ఉంటుంది, మెత్తటి టైరు దానికి అతుక్కుని బండిని ఇంకా తేలిగ్గా పడేస్తుంది. ఇంత చేశాక కూడా పడుతుంటే రేసర్ల చిట్కా ఒకటి ఉంది: ముందు టైర్ల బయటి పక్కగోడకు అదే జిగురు సన్నటి పూత వేసి ఆరనివ్వండి. ఆ అంచు గట్టిపడి, నేలను పట్టుకోవడం మానేసి జారుతుంది.

3. కాంబర్, టో

చక్రాల పైభాగం 1 నుంచి 2 డిగ్రీలు లోపలికి వాలాలి, ఇదే కాంబర్. ప్రత్యేకమైన గేజ్ అక్కర్లేదు, పిల్లల జామెట్రీ బాక్సులోని సెట్ స్క్వేర్‌ను నేల మీద నిలబెట్టి టైరుకు ఆనించండి. 100 మిల్లీమీటర్ల టైరుకు పైన సందు సుమారు 1.7 మిల్లీమీటర్లు ఉంటే 1 డిగ్రీ అన్నమాట. వెనక చక్రాల ముందంచులు 2, 3 డిగ్రీలు లోపలికి చూస్తుంటే (ఇదే టో) తోక ఊగదు. ముందు చక్రాలు తిన్నగా ఉంచండి.

4. బాడీ

దీన్ని ఎవరూ పట్టించుకోరు. ఎత్తైన ట్రక్కు బాడీలోకి స్పీడులో గాలి చేరి గొడుగులా పైకి లేపుతుంది. పోస్టుల (బాడీని నిలబెట్టే కడ్డీల) కింది వైపు రంధ్రాలు వాడి బాడీని దించండి, టైర్లు తగిలే చోట వంపు కత్తెరతో కోయండి, వెనక భాగంలో గాలి పోవడానికి పెద్ద కిటికీ తీయండి.

5. గేరింగ్

టైరు చిన్నదైతే టాప్ స్పీడు తగ్గుతుంది. పినియన్‌కు, అంటే మోటర్ మీది చిన్న గేరుకు, ఒకటి రెండు పళ్లు పెంచుకోవచ్చు, అంతకుమించి ఒకేసారి వద్దు. బిగించేటప్పుడు పినియన్‌కూ స్పర్‌కూ (దానితో కలిసే పెద్ద గేరుకూ) మధ్య కాగితం ముక్క పెట్టి, బిగించాక లాగేస్తే సరైన సందు వస్తుంది. అయిదు నిమిషాలు నడిపి మోటర్ వేడి చూడండి, 80 డిగ్రీలు దాటితే పాత పినియన్‌కే వెళ్లండి. కరోనా రోజుల్లో కొన్న నుదుటి థర్మామీటర్ దీనికి చాలదు, ఇండస్ట్రియల్ ఇన్‌ఫ్రారెడ్ గన్ కావాలి. హైదరాబాద్‌లో అయితే కనెక్టర్లు, సోల్డర్ లాంటివి కోఠి గుజరాతీ గల్లీలో, మరలు, అలెన్ కీలు రాణిగంజ్‌లో చూడండి. టైర్లు, షాక్ ఆయిల్ మాత్రం హాబీ షాపులో గానీ ఆన్‌లైన్‌లో గానీ.

6. నడిపి చూడండి

ట్రాఫిక్ ఉన్న రోడ్డు ఊసే వద్దు. అసోసియేషన్‌కూ వాచ్‌మన్‌కూ చెప్పి ఆదివారం పొద్దున్నే ఖాళీ పార్కింగ్ వాడుకోండి, కుక్కలు వెంటపడితే ఆపేయండి. ముందు ఊడ్చుకోండి, దుమ్ము ఉంటే ఏ సెట్టింగ్ పని చేస్తోందో అర్థమే కాదు. రెండు చెప్పులు పెట్టి వాటి చుట్టూ ఎనిమిది అంకెలా తిప్పండి. ముందు భాగం తిరగకుండా తిన్నగా పోతుంటే ముందు స్ప్రింగులు మెత్తవి వేయండి. తోక తిరిగిపోతుంటే వెనక స్ప్రింగులు మెత్తవి వేయండి, లేదా వెనక డిఫ్‌లో (రెండు చక్రాలనూ వేర్వేరు వేగంతో తిరగనిచ్చే గేర్ల డబ్బాలో) పలచటి ఆయిల్ పోయండి. ఒకసారికి ఒక్కటే మార్చి, ఫోన్‌లో రాసుకుని, మళ్లీ అదే ఎనిమిది తిప్పండి.

ఆట అయ్యాక లైపో బ్యాటరీని ఎండలో నిలిపిన కారులో వదిలేయకండి. మళ్లీ వారం వరకు వాడకపోతే ఛార్జర్‌లో స్టోరేజ్ మోడ్ పెట్టి సెల్‌కు 3.8 వోల్టుల దగ్గర ఉంచండి.