పొద్దుటి పరుగు, సైకిల్ బృందాల్లో చిన్నచూపు లేకుండా చూసుకోవడం ఎలా

నల్లగొండలో తెల్లవారుజామున ఐదు గంటలకు గ్రౌండ్‌కు వెళ్లినవారికి ఒకే చోట నాలుగు రకాల మనుషులు కనిపిస్తారు. షుగరు అదుపులో ఉండాలని డాక్టరు చెప్పగా నడవడానికి వచ్చిన పెద్దలు, కానిస్టేబుల్ ఉద్యోగానికో ఆర్మీకో తయారవుతున్న పిల్లలు, హైదరాబాద్‌లో హాఫ్ మారథాన్‌కు పేరు ఇచ్చుకున్న ఉద్యోగస్తులు, గేర్ల సైకిల్‌ను గోడకు ఆనించి ఒళ్లు విరుచుకుంటున్న సైక్లిస్టులు. వీరంతా రోజూ ఒకరికొకరు ఎదురుపడతారు గానీ పలకరించుకోరు. ఉరికేవారికి నడిచేవారు లోకువ, సైకిల్ తొక్కేవారికి ఉరికేవారు లోకువ, ఈతతో కలిపి మూడూ చేసే ట్రయాథ్లెట్‌కు అందరూ లోకువ. మహబూబ్‌నగర్‌లోనూ ఇదే తీరు ఉందని అక్కడి మిత్రులు చెబుతుంటారు. ఇటువంటి బృందాన్ని కొన్నేళ్లుగా నడుపుతున్నందువల్ల నాకు అర్థమైన విషయం ఒకటుంది: అందరూ సమానమేనని ఎన్నిసార్లు చెప్పినా ఈ చిన్నచూపు పోదు. బయలుదేరే పద్ధతి, ఆగే పద్ధతి, సంచిలో పెట్టుకునే సామాను, నోటి నుంచి వచ్చే మొదటి మాట మారినప్పుడు మాత్రం అది చాలావరకు తగ్గుతుంది. ఆ మార్పులు ఎలా చేసుకోవాలో ఇక్కడ రాస్తున్నాను.

మా బృందం మొదలైన కొత్తలో ఒక ఆదివారం పదిహేడేళ్ల అబ్బాయి వచ్చాడు. క్యారియరు, స్టాండు, సగం చైన్ కవరు ఉన్న పాత 22 అంగుళాల సైకిల్ అతనిది. "అన్నా, గేర్ల సైకిల్ లేదు, నేను గూడ రావొచ్చా?" అని అడిగాడు. రమ్మన్నాం. అంతలో మాలో ఒకరు "పాల క్యాన్లు ఇంట్ల మరిచిపోయినవా తమ్మీ?" అన్నారు. అందరం నవ్వాం, నేను కూడా నవ్వాను, అబ్బాయి కూడా నవ్వాడు. పానగల్ దాటిన తర్వాత అతని చైన్ పడిపోయింది. వెనుక చక్రం సడలించి చైన్ బిగించడానికి పానా కావాలి, మాలో ఎవరి దగ్గరా పానా లేదు, ఆ సంగతి తెలుసుకోవడానికి ఆగినవారు కూడా ఎవరూ లేరు. మేము హోటల్ దగ్గర చాయ్ తాగడం ముగించే సమయానికి అతను చేరుకున్నాడు. మోచేతుల దాకా గ్రీసు అంటి ఉంది, చెమట తుడుచుకున్నప్పుడు నుదుటికి కూడా అంటింది. అతను స్టాండు వేస్తుండగానే మేము "ఇక పోదామా" అంటూ లేచాం. తర్వాతి ఆదివారం అతను రాలేదు, ఆ తర్వాత ఎన్నడూ రాలేదు. ఆ నుదుటి మీది నల్ల మరక నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంటుంది.

ఆ రోజు ఎవరూ అతన్ని పొమ్మనలేదు. అయినా ఉండవద్దని నాలుగు విధాలుగా చెప్పాం. ఆ నాలుగింటినీ ఒక్కొక్కటిగా సరిచేసుకోవడమే ఈ పని.

ముందుగా పిలుపు. "అందరికీ ఆహ్వానం" అని గ్రూపులో రాసి, బయలుదేరాక గంటకు 28 కిలోమీటర్ల వేగంతో సాగిపోతే ఆ పిలుపుకు అర్థం లేదు. దూరం, వేగం, ఆగే చోట్లు, తిరిగి చేరే సమయం, వెనుకబడినవారి కోసం ఆగుతామా లేదా అన్న సంగతి, ఈ ఐదూ స్పష్టంగా రాయాలి. మామూలు సైకిల్ మీద అలవాటున్న మనిషి గంటకు 15 కిలోమీటర్లు సులువుగా తొక్కగలడు కాబట్టి అందరి కోసం పెట్టే రోజున ఆ వేగమే ఉండాలి. వేగంగా తొక్కాలనుకునేవారికి వారంలో వేరే రోజు కేటాయించాలి. వారి కోరిక తప్పేమీ కాదు. వారిని ఆదివారం నెమ్మదిగా తొక్కమని బలవంతపెట్టి, వేరే రోజు ఇవ్వకపోతే ఆ విసుగు కొత్తవారి మీదే పడుతుంది.

గంటకు 15 కిలోమీటర్లంటే పెదవి విరిచేవారికి బ్రెవే (గడువులోగా ముగించవలసిన దూరప్రయాణ సైకిల్ యాత్ర) లెక్క చెప్పండి. దూరప్రయాణ సైక్లిస్టులు ఎంతో గౌరవంగా చూసుకునే 200 కిలోమీటర్ల బ్రెవేకు ఇచ్చే గడువు 13 గంటల 30 నిమిషాలు. అంటే దారిలో ఆగే సమయంతో కలిపి సగటున గంటకు 15 కిలోమీటర్లకు కాస్త తక్కువే. 300 కిలోమీటర్లకు 20 గంటలు, 400కు 27, 600కు 40 గంటలు. వాటిలో మొదటి స్థానం, రెండో స్థానం ఉండవు, గడువులోగా ముగించిన ప్రతి ఒక్కరికీ ఒకే గుర్తింపు దక్కుతుంది. గేర్లు ఉండి తీరాలన్న నియమమూ లేదు.

రెండోది సంచి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ నా దృష్టిలో అన్నిటికన్నా పెద్దది. మనం కట్టుకున్న మరమ్మతు సామాను ఎవరి సైకిల్‌ను ఉద్దేశించి కట్టుకున్నామో చూసుకోవాలి. ఖరీదైన సైకిల్ చక్రం చాలావాటిలో చిన్న మీట తిప్పితే ఊడి వస్తుంది కాబట్టి వారి సంచిలో పానా ఉండదు. మామూలు సైకిల్ చక్రం నట్లతో బిగించి ఉంటుంది, దానికి పానా లేకపోతే పని జరగదు. ట్యూబుల వాల్వులు కూడా ఒక్కటి కావు. రోడ్ బైక్ ట్యూబుకు సన్నని వాల్వు, చాలా ఎంటీబీలకు (లావు టైర్ల మౌంటెన్ బైకులకు) మోటార్‌సైకిల్ తరహా వాల్వు, మామూలు సైకిల్‌కు లోపల చిన్న రబ్బరు తొడుగుండే పాత రకం వాల్వు ఉంటాయి. ఆ రబ్బరు ముక్క చిరిగితే ఎంత మంచి పంపుతో కొట్టినా గాలి నిలవదు. అందుకని బృందం సంచిలో ఒక పానా, రెండు మూడు వాల్వు రబ్బర్లు, ప్యాచీలు, సొల్యూషన్, మూడు రకాల వాల్వులకూ సరిపోయే పంపు, చేతులు తుడుచుకోవడానికి ఒక పాత బట్ట తప్పక ఉండాలి. చౌరస్తాలోని సైకిల్ షాపులో ఈ చిల్లర సామానంతా దొరుకుతుంది. పంక్చర్ వేయడం మీలో ఎవరికీ సరిగా రాకపోతే ఆ షాపు మేస్త్రీని ఒక ఆదివారం పిలిచి నేర్పించమని అడగండి. చక్రం విప్పకుండానే ట్యూబు బయటకు లాగి ప్యాచీ వేసే ఆయన చేతి నేర్పు చూసిన తర్వాత మామూలు సైకిల్ గురించి మాట్లాడే తీరు మారడం నేను గమనించాను.

సంచి పట్టుకునే మనిషి అందరికన్నా వెనుక ఉండాలి. ఆ మనిషి బృందంలో గట్టిగా తొక్కగలిగినవారై ఉండాలి, వంతుల ప్రకారం మారాలి. కొత్తవారిని కొత్తవారికే అప్పగించి, అనుభవం ఉన్నవారంతా ముందు వెళ్లిపోతే వెనుక ఉండటం శిక్షలా తోస్తుంది. అందరిలోకీ వేగం గలవారు ఈ వారం వెనుక ఉన్నారంటే అది బాధ్యత అవుతుంది.

మూడోది ఆగడం. ముందు చేరినవారికి పది నిమిషాల విశ్రాంతి దొరుకుతుంది. చివరివారు రాగానే బయలుదేరితే అలసట ఎక్కువైనవారికి ఒక్క నిమిషం కూడా విశ్రాంతి దొరకదు. ఇది న్యాయం కాదు, శరీరానికి మంచిదీ కాదు, ముఖ్యంగా మార్చి తర్వాత ఏడు గంటలకే ఎండ చురుక్కుమనే మన ప్రాంతంలో. చివరివారు నీళ్లు తాగి, కూర్చుని, తామే "పోదాం" అన్న తర్వాత లేవడం మా నియమం. చాయ్ కూడా వారు వచ్చాకే చెబుతాం.

నాలుగోది మాట. మొదటి పరిచయంలో "నీ టైమింగ్ ఎంత?", "సైకిల్ ఎంత పెట్టి కొన్నారు?", "ఐదు కిలోమీటర్లేనా?", "ఇంత లావున్నవు, ఉరుకుతవా?" అనే ప్రశ్నలు అడగకూడదని అందరూ ముందే ఒప్పుకోవాలి. వీటిలో చివరిది ఆడవాళ్లను రెండింతలు బాధిస్తుంది. చూపులను, వ్యాఖ్యలను దాటుకుని గ్రౌండ్ దాకా వచ్చిన మనిషి మళ్లీ మన నోటి నుంచి కూడా అదే వినవలసి వస్తే ఇంట్లోనే ఉండిపోతుంది. ఏ ఊరు, ఏ పని చేస్తారు, పొద్దున్నే లేవడం ఎట్లా కుదురుతోంది అని అడిగితే చాలు. అడగని సలహా ఇవ్వకూడదు. ప్రాణాపాయం ఉన్న విషయమైతే మాత్రం వెంటనే చెప్పాలి, అదీ పక్కకు పిలిచి, ఒక్క మాటలో.

హెల్మెట్ అటువంటి విషయమే. కొత్తవారి దగ్గర లేదని మొహమాటపడి వదిలేయకూడదు, కొనుక్కుని రమ్మని వెనక్కి పంపనూ కూడదు. బృందం తరఫున రెండు మూడు హెల్మెట్లు కొని ఉంచితే ఈ ఇబ్బంది తీరిపోతుంది.

గ్రౌండ్‌లో పరుగుకు సంబంధించి ఒక సంగతి చెప్పాలి. తెలంగాణ పోలీసు నియామకాల 2022 నోటిఫికేషన్ కింద కానిస్టేబుల్ దేహదారుఢ్య పరీక్షలో పురుషులు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో, మహిళలు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో ఉరకవలసి వచ్చింది. పురుషుల లెక్క కిలోమీటరుకు దాదాపు నాలుగున్నర నిమిషాలు. మన హాఫ్ మారథాన్ మిత్రుల్లో చాలామంది కిలోమీటరుకు ఆరేడు నిమిషాల వేగంతో ఉరికేవారే. అరిగిన కాన్వాస్ బూట్లతో, ఒక్కోసారి ఉత్త కాళ్లతో ఉరికే ఆ పిల్లలు వేగంలో వీరిని సులువుగా దాటిపోతారు. వీరు ఆ పిల్లలు ఎన్నడూ ప్రయత్నించని 21 కిలోమీటర్లు ఉరుకుతారు. రెండూ వేర్వేరు పనులు. పైగా ఆ పిల్లలకు ఆ కొన్ని సెకన్ల మీద ఒక కుటుంబం బతుకు ఆధారపడి ఉంటుంది. కాబట్టి సమయం చూసుకుంటూ ఉరికేవారికి లోపలి లైను వదలాలి, నలుగురు పక్కపక్కన మాట్లాడుకుంటూ ఉరికేవారు బయటి వైపుకు జరగాలి, నడిచే పెద్దలను వెనుక నుంచి అరిచి ఉలిక్కిపడేలా చేయకూడదు. కోచింగ్‌కు డబ్బు లేని పిల్లలకు మీ వాచీతో చుట్టుచుట్టుకూ సమయం చెప్పి సాయపడితే మాటలు వాటంతటవే కలుస్తాయి.

రన్నర్లు, సైక్లిస్టులు ఒకరి కిలోమీటర్లను మరొకరి కిలోమీటర్లతో పోల్చుకోవడం వల్ల కూడా ఎకసెక్కాలు పుడతాయి. పది కిలోమీటర్ల పరుగు ముప్పై, నలభై కిలోమీటర్ల సైక్లింగ్‌తో సమానమైన శ్రమ అని ఉజ్జాయింపుగా లెక్కిస్తారు. పరుగులో ప్రతి అడుగుకూ ఒంటి బరువు మోయాలి, సైకిల్ మీద ఆ బరువు సీటు మోస్తుంది గానీ ఎదురుగాలితో పోరాడాలి. గ్రూపులో ఎవరు ఎంత చేశారో రాసేటప్పుడు కిలోమీటర్లకు బదులు గంటలు, నిమిషాలు రాసుకుంటే ఈ పోలిక చాలావరకు ఆగిపోతుంది.

ఈత, సైక్లింగ్, పరుగు మూడూ వరుసగా చేసే ఐరన్‌మ్యాన్ పోటీ ఎవరు గొప్ప అన్న ఈ వాదన నుంచే పుట్టింది. హవాయి దీవుల్లో ఈతగాళ్లు, రన్నర్లు, సైక్లిస్టుల్లో ఎవరి దేహం దృఢమైనదని వాదన జరిగితే, జాన్ కాలిన్స్ అనే నౌకాదళ అధికారి అక్కడి మూడు పోటీల దూరాలను ఒక్కటిగా కలిపి తేల్చుకుందామన్నారు. 1978 ఫిబ్రవరిలో 15 మంది బయలుదేరగా 12 మంది ముగించారు. 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైక్లింగ్, 42.2 కిలోమీటర్ల పరుగు ఆ దూరాలు. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో చేరిన ట్రయాథ్లాన్‌లో అవి 1.5, 40, 10 కిలోమీటర్లు. వాదన ఇంకా తెగలేదు గానీ, మూడింటిలోనూ కష్టం చూసిన ట్రయాథ్లెట్‌కు మిగిలినవారిని తక్కువ చేసే హక్కు అందరికన్నా తక్కువ అని నేను నమ్ముతాను.

ట్రయాథ్లెట్లతో గుంపుగా తొక్కడం ప్రమాదమని సైక్లిస్టులు అనడంలో మాత్రం కొంత నిజముంది. ట్రయాథ్లాన్ సైకిల్‌కు ముందుకు పొడుచుకొచ్చే ఏరో బార్ ఉంటుంది, దాని మీద మోచేతులు ఆనించినప్పుడు చేతులు బ్రేకులకు దూరమవుతాయి. సాధారణ పోటీదారులు ఒకరి వెనుక ఒకరు గాలి చాటున తొక్కడం ఆ పోటీల్లో నిషేధం కాబట్టి వారికి ఒంటరిగా తొక్కడమే అలవాటు. ఇది వారి అహంకారం కాదు, శిక్షణలో తేడా. గుంపులో ఉన్నంతసేపు ఏరో బార్ పట్టుకోవద్దని బయలుదేరే ముందే చెప్పండి. ఈతలో కూడా ఇలాంటి తేడా ఉంది. నడుముకు ట్యూబు కట్టుకుని వ్యవసాయ బావిలో ఈత నేర్చుకున్నవారు తల పైకెత్తి ఈదుతారు, దానివల్ల కాళ్లు కిందికి దిగి త్వరగా అలుపు వస్తుంది. తల నీటిలో ఉంచి పక్కకు తిప్పి ఊపిరి తీసుకోవడం నేర్పితే చాలు, లోతంటే భయం లేకపోవడమనే సగం చదువు వారికి బావే నేర్పింది. ఉదయ సముద్రం వంటి జలాశయాల్లో మాత్రం ఎంత ఈత వచ్చినవారైనా సరే, అనుమతి, పడవ, రక్షణ ఏర్పాట్లు లేకుండా దిగకూడదు.

మనలో మనకున్న చిన్నచూపు గురించే ఇంతవరకూ రాశాను. దారి పొడవునా మనం ఇతరుల మీద చూపేది కూడా ఉంది. వానాకాలం కోతలప్పుడు, మళ్లీ యాసంగి కోతలప్పుడు మన రోడ్ల మీద సగం మేర వడ్లు ఆరబోస్తారు, చుట్టూ రాళ్లు పేరుస్తారు. రాత్రి చీకట్లో ఆ రాళ్లు ప్రమాదమే, అది కాదనను. అయినా రైతుల మీద అరిచి, కుప్ప అంచు తొక్కుకుంటూ పోయే హక్కు మనకు లేదు. కల్లాల్లో చోటు లేక, వాన భయంతో ఆరబోసుకుంటున్నవారికి అది ఆరు నెలల కష్టం. ఆ కాలంలో పూర్తిగా తెల్లవారాక బయలుదేరండి, కుప్ప కనిపించగానే ఒకే వరుసలోకి మారండి, ఎదురుగా బండి వస్తుంటే దిగి నడిపించుకుని వెళ్లండి.

ఇన్ని ఏర్పాట్లు చేసినా ఎవరో ఒకరు మాట తూలుతారు. అందరిముందూ మందలిస్తే వారు బిగుసుకుపోతారు, మాట పడిన మనిషి ఇంకా చిన్నబోతారు. ఆ క్షణంలో చేయవలసింది ఒక్కటే, నవ్వకుండా ఉండటం. తర్వాత కొత్తవారి పక్కన సైకిల్ నడపండి. మాట తూలినవారితో ఆ సాయంత్రం విడిగా మాట్లాడి, వచ్చే ఆదివారం సంచి పట్టుకుని వెనుక ఉండే వంతు వారికి ఇవ్వండి.

ఆదివారం పిలుపు రాయడానికి మేము వాడే మాటలు ఇవి, కావాలంటే పేర్లు మార్చి వాడుకోండి: "ఆదివారం ఉదయం 5:30కు క్లాక్ టవర్ దగ్గర కలుద్దాం. పానగల్ మీదుగా మొత్తం 25 కిలోమీటర్లు, గంటకు 15 కిలోమీటర్ల వేగం. ఏ సైకిల్ అయినా సరే. హెల్మెట్ లేనివారు ముందు రోజు చెప్పండి, మేము తెస్తాం. పానా, పంపు, వాల్వు రబ్బర్లు మా దగ్గర ఉంటాయి. రెండు చోట్ల ఆగుతాం, చివరివారు వచ్చాకే చాయ్. ఎనిమిదిన్నరలోగా తిరిగి వస్తాం."