అంబాసిడర్, పద్మిని మీటర్ బోర్డుకి ఎల్‌ఈడీ బల్బులు: వచ్చే తంటాలు, వాటికి మందులు

అంబాసిడర్ కారు తయారీ 2014లో ఆగింది. ప్రీమియర్ పద్మిని అంతకన్నా ముందే సెలవు తీసుకుంది. విజయనగరం, శ్రీకాకుళం వైపు వీటిని అపురూపంగా చూసుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. రాత్రిపూట మీటర్ బోర్డు (స్టీరింగ్ ముందు స్పీడు, పెట్రోలు చూపించే పలక) చూస్తేనే వాళ్లకి ప్రాణం ఉసూరుమంటుంది. పసుపచ్చ మసకలో ముల్లు నలభై మీదుందో అరవై మీదుందో తెలీదు. అందుకే చాలామంది మొదట చేయించే మార్పు ఎల్‌ఈడీ బల్బులే.

బల్బు మార్చడం పెద్ద పని కాదు. తంటాలన్నీ మార్చాకే మొదలవుతాయి. ఆ బోర్డులో ఉన్నవన్నీ వెలుగు కోసమే పెట్టిన దీపాలు కావు మరి. కొన్నింటి గుండా పోయే కరెంటుతో కారు వేరే పని చేయించుకుంటూ ఉంటుంది. ఏ బల్బు దేనికుందో తెలుసుకోకుండా మొత్తం పీకేసి ఎల్‌ఈడీలు దిగ్గొట్టించుకోవడం తెలివైన పని కాదు.

చెయ్యి పెట్టేముందు బ్యాటరీ టెర్మినల్ ఒకటి విప్పేయండి. పాత కార్లలో మీటర్ లైట్ల తీగకి ఫ్యూజు ఉంటుందని నమ్మలేం. వెనక చేత్తో తడుముతున్నప్పుడు స్పానర్ బాడీకి తగిలితే పొగే. స్పీడోమీటర్ కేబుల్ మర విప్పాకే బోర్డు ముందుకి లాగాలి. బల్బు కాలు కూడా అన్ని కార్లకీ ఒకటి కాదు. మర బల్బు ఉండొచ్చు, రెండు పక్కలా పిన్నులున్న బీఏ9ఎస్ ఉండొచ్చు, కాపు (అడుగున లోహపు క్యాప్) లేని టీ10 గాజు బల్బు ఉండొచ్చు. ఒకటి ఊడదీసి జేబులో వేసుకుని కొట్టుకి వెళ్లడం మేలు.

అసలు వెలగడం లేదు

ఎల్‌ఈడీకి ప్లస్ మైనస్ ఉంటుంది. పాత బల్బుకి ఆ పట్టింపు లేదు. టీ10 అయితే ఊడదీసి తిప్పి పెట్టండి, వెలుగుతుంది. పిన్నుల బల్బునీ మర బల్బునీ అలా తిప్పడం కుదరదు. వాటికి ప్లస్ మైనస్ పట్టింపు లేని రకం, అంటే లోపల బ్రిడ్జి రెక్టిఫయర్ (కరెంటు ఎటు నుంచి వచ్చినా దిక్కు సరిచేసేది) ఉన్నది అడిగి కొనాలి. బాగా పాత బ్రిటిష్ తరహా వైరింగ్‌లో బ్యాటరీ ప్లస్సే బాడీకి కలిపి (ఎర్త్ చేసి) ఉంటుంది, అప్పుడు బల్బుకి ప్లస్ మైనస్ తారుమారవుతాయి. బ్యాటరీ నుంచి బాడీకి వెళ్లే లావు తీగ ఏ టెర్మినల్‌ది అన్నది ఒకసారి చూసుకోండి.

వెలుగుతోంది కానీ పాత బల్బే నయమనిపిస్తోంది

దీనికి మూడు కారణాలు చూశాను. మొదటిది మన వైపు ఎక్కువ. సాలూరు లారీల ఊరు. అక్కడి ఆటో ఎలక్ట్రికల్ కొట్లలో 24 వోల్టుల సరుకు దండిగా దొరుకుతుంది. చూడ్డానికి 12 వోల్టుల బల్బు, 24 వోల్టుల బల్బు కవలపిల్లల్లా ఉంటాయి. లారీ బల్బు కారుకి పెడితే మినుకుమినుకుమంటూ ఏడుస్తుంది. కాపు మీద అంకె చదివి కొనండి.

రెండోది వెలుగు వెళ్లే దిక్కు. పాత బల్బు చుట్టూ వెలుగు చిమ్ముతుంది. ఆ వెలుగు మీటర్ డబ్బా లోపలి తెల్ల రంగు మీద పడి, తిరిగొచ్చి అంకెల మీద పరుచుకుంటుంది. నెత్తిన ఒకే చిప్ ఉన్న ఎల్‌ఈడీ ఎదురుగానే కొడుతుంది. అందుకే ఒకచోట చుక్కలా మెరిసి మిగతాదంతా చీకటిగా ఉంటుంది. చుట్టూ చిప్పులున్న రకమే తీసుకోవాలి. ఎలాగూ విప్పారు కనుక డబ్బా లోపలి పసుపెక్కిన రంగుని దులిపి మళ్లీ తెల్ల రంగు కొట్టండి. బల్బు మార్చినదానికన్నా ఈ రంగు వల్లే ఎక్కువ తేడా కనబడిన కార్లు ఉన్నాయి.

మూడోది అద్దం రంగు. ఎర్ర అద్దం వెనక తెల్ల ఎల్‌ఈడీ పెడితే వెలిసిపోయిన గులాబీ రంగొస్తుంది. ఎర్ర అద్దానికి ఎర్ర ఎల్‌ఈడీ, ఆకుపచ్చదానికి ఆకుపచ్చది, హై బీమ్ నీలానికి నీలం పెట్టండి. మీటర్లకి మాత్రం పాత కారు అందం చెడకుండా వార్మ్ వైట్ (పసుపు ఛాయ ఉన్న తెలుపు) బాగుంటుంది. మంచు తెలుపు పెట్టినవాళ్లని నేనేమీ అనను, కానీ అంబాసిడర్‌లో కూర్చుని సెల్‌ఫోన్ కొట్లో ఉన్నట్టుంటుంది.

చార్జింగ్ పోయింది, బ్యాటరీ దిగిపోతోంది

ఇక్కడ కాస్త ఆగి చదవండి. మిగతా తంటాలు కంటికి ఇబ్బంది, ఇది మాత్రం మిమ్మల్ని నడిరోడ్డు మీద నిలబెడుతుంది. "ఏటి బాబూ, దీపం మారిస్తే చార్జింగు పోనాదా!" అని మెకానిక్ నవ్వితే నవ్వనివ్వండి. పోతుంది.

ఆల్టర్నేటర్ (ఇంజన్‌తో తిరుగుతూ బ్యాటరీని చార్జ్ చేసేది) ఉన్న కార్లో తాళం తిప్పగానే వెలిగే ఎర్ర చార్జింగ్ దీపం గుండానే ఆల్టర్నేటర్ ఫీల్డుకి, అంటే లోపల అయస్కాంతంగా మారే తీగచుట్టకి, మొదటి కరెంటు అందుతుంది. 2.2 వాట్ల బల్బు దాదాపు 180 మిల్లీ ఆంపియర్లు పంపిస్తుంది. ఎల్‌ఈడీ పంపేది అందులో చాలా తక్కువ. ఆ కాస్త కరెంటుకి ఫీల్డు లేవదు. ఇంజన్‌ని బాగా రెయిజ్ చేస్తే ఒక్కోసారి లేస్తుంది, ఒక్కోసారి అదీ ఉండదు. మల్టీమీటర్ బ్యాటరీకి పెట్టి చూడండి. ఇంజన్ నడుస్తుండగా 13.8 నుంచి 14.5 వోల్టుల మధ్య ఉండాలి. 12 చుట్టూనే తచ్చాడుతుంటే దొంగ దొరికినట్టే.

మందు సులువు: ఆ ఒక్క బల్బూ పాతదే ఉంచండి. ఎల్‌ఈడీయే కావాలని పట్టుబడితే హోల్డరు రెండు కాళ్లకీ అడ్డంగా 68 ఓములు, 5 వాట్ల రెసిస్టర్ కట్టించండి. అది రెండు వాట్ల పైగా వేడెక్కుతుంది, ప్లాస్టిక్‌కి తగలనివ్వొద్దు. ఒక్క దీపం కోసం ఇంత హైరానా ఎందుకన్నది నా అభిప్రాయం.

ఆల్టర్నేటర్ బదులు డైనమో ఉన్న పాత బండికి ఈ బాధ లేదు, అది తనలో మిగిలిన అయస్కాంతంతోనే లేస్తుంది. కాకపోతే ఇంజన్ నెమ్మదిగా నడుస్తున్నప్పుడు డైనమోకీ బ్యాటరీకీ మధ్య వోల్టేజీ కొంచెం తేడా వస్తుంది. ఫిలమెంట్ ఎర్రబడని ఆ తేడాకే ఎల్‌ఈడీ మిణుకుమంటుంది. కటౌట్ (డైనమోని బ్యాటరీకి కలిపి, విడదీసే స్విచ్) పాడైందని కంగారు పడి విప్పించుకోకండి.

డిమ్మర్ తిప్పినా వెలుగు తగ్గడం లేదు

సాలూరు దాటి ఒడిశా ఘాట్ ఎక్కుతున్నప్పుడు దీని విలువ తెలుస్తుంది. బయట కటిక చీకటి, లోపల మీటర్ బోర్డు పెళ్లి పందిరి, ముందు అద్దంలో దాని నీడ. పాత డిమ్మర్ ఒక తీగచుట్ట రియోస్టాట్ (నాబ్ తిప్పితే నిరోధం మారేది), కరెంటు పారితేనే అది వోల్టేజీ మింగుతుంది. 10 ఓములనుకుందాం. నాలుగు పాత బల్బుల మీద సుమారు 5 వోల్టులు మింగేస్తుంది. ఒక్కోటి 40 మిల్లీ ఆంపియర్ల ఎల్‌ఈడీలు నాలుగు పెడితే ఒకటిన్నర వోల్టు మింగడమే గగనం.

ఒక మూల పాత బల్బు ఒకటి వదిలేస్తే ఆ కరెంటు తోడై నాబ్ కొంత పనిచేస్తుంది. పూర్తిగా కావాలంటే పీడబ్ల్యూఎం డిమ్మర్ (కరెంటుని చకచకా కోస్తూ, వదులుతూ వెలుగు తగ్గించేది) పెట్టాలి. కొనేటప్పుడు ఇది అడగండి: అది కోసేది ప్లస్సునా, మైనస్సునా? చౌక మాడ్యూళ్లు చాలావరకు మైనస్ వైపు కోస్తాయి. మన బల్బుల మైనస్ హోల్డరు ద్వారా నేరుగా బాడీకి పోతుంది కనుక అవి పనికిరావు.

ఇండికేటర్ దీపం ఒక పక్కకే కొడుతోంది

రెండు పక్కలకీ కలిపి ఒకే దీపం ఉన్న బోర్డుల్లో అది ఎడమ తీగకీ కుడి తీగకీ మధ్య ఉంటుంది. కుడి వేస్తే ఎడమ బల్బుల గుండా ఎర్త్ వెతుక్కుంటుంది, ఎడమ వేస్తే కరెంటు ఎదురు దిక్కు. ఎల్‌ఈడీ ఒక దిక్కే ఒప్పుకుంటుంది. ప్లస్ మైనస్ పట్టింపు లేనిది పెడితే సరి. బయటి 21 వాట్ల బల్బుల జోలికి మాత్రం వెళ్లకండి. అవి మారిస్తే వేడితో నడిచే పాత ఫ్లాషర్ (ఇండికేటర్లని వెలిగించి ఆర్పేది) కూడా మొరాయిస్తుంది.

గుంతలో పడితే ఆరిపోతోంది, మళ్లీ వస్తోంది

హోల్డరు ఎర్త్ చూడండి. కళింగపట్నం, బారువ లాంటి తీరపు ఊళ్లలో ఉప్పు గాలికి ఇత్తడి హోల్డర్లు పచ్చగా చిలుము పడతాయి. సన్న ఉప్పు కాగితంతో రుద్ది, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, టీ10 రేకులు కొంచెం లోపలికి వంచండి. బోర్డు బిగించాక పెట్రోల్ ముల్లు, టెంపరేచర్ ముల్లు పిచ్చిపిచ్చిగా చూపిస్తుంటే ఎల్‌ఈడీని తిట్టొద్దు. వెనక ఎర్త్ తీగ పెట్టడం మర్చిపోయారన్నమాట.

నెలకొకటి పోతోంది

ఇంజన్ రెయిజ్ చేసి వోల్టేజీ చూడండి. 15 దాటుతుంటే రెగ్యులేటర్ (చార్జింగ్ వోల్టేజీని అదుపులో ఉంచేది) ముందు బాగుచేయించండి, అది బ్యాటరీని కూడా ఉడికిస్తోంది. 14.5 లోపే ఉన్నా పోతుంటే అవి నాసిరకం బల్బులు.

లైటు వేస్తే రేడియో గరగరలాడుతోంది

విశాఖ ఆకాశవాణి మీడియం వేవ్ పెట్టి లైట్ స్విచ్ వేసి చూడండి. డ్రైవర్ చిప్ (కరెంటుని అదుపుచేసే చిప్) ఉన్న ఎల్‌ఈడీలూ పీడబ్ల్యూఎం డిమ్మరూ ఈ రొద పుట్టిస్తాయి. ఒక్కొక్క బల్బే తీస్తూ పోతే ఏది కారణమో దొరుకుతుంది. ఆ బల్బు స్థానంలో లోపల రెసిస్టర్ మాత్రమే ఉన్న రకం పెట్టుకోండి. రొద డిమ్మర్‌ది అయితే దాని తీగలు రేడియో ఏరియల్ తీగకి దూరంగా జరపండి.