తనిఖీలో బయటపడే భాషా లోపాలు: అమెరికా సబ్సిడీ ఇళ్ల మేనేజర్లకు సమస్య - పరిష్కారం

అమెరికాలో ప్రభుత్వ సబ్సిడీతో నడిచే అపార్ట్‌మెంట్లలో, ముఖ్యంగా 62 ఏళ్లు దాటిన వారి కోసం ఉద్దేశించిన సెక్షన్ 202 భవనాలలో, పిల్లల దగ్గరికి వచ్చి స్థిరపడిన తెలుగు పెద్దలు కూడా నివసిస్తున్నారు. ఇలాంటి భవనాలను నడిపే మేనేజర్లలోనూ, మెయింటెనెన్స్ సిబ్బందిలోనూ తెలుగువారు ఉన్నారు. కేంద్ర గృహనిర్మాణ శాఖ, అంటే అందరూ హడ్ అని పిలిచే శాఖ, ఈ భవనాలను ఎన్‌స్పైర్ అనే ప్రమాణాలతో తనిఖీ చేస్తుంది. అవి స్థానిక ప్రభుత్వ గృహ సంస్థలు నడిపే పబ్లిక్ హౌసింగ్‌కు 2023 జూలై 1 నుంచి, ప్రైవేటు యజమానులు సబ్సిడీతో నడిపే మల్టీఫ్యామిలీ భవనాలకు అదే ఏడాది అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చాయి. 100 పాయింట్లలో 60 కంటే తక్కువ వస్తే భవనం ఫెయిలైనట్టే. మొత్తం స్కోరు బాగానే ఉన్నా, ఇళ్ల లోపలి లోపాల వల్లనే 30 పాయింట్లు పోతే అప్పుడు కూడా ఫెయిలే. అందువల్ల తలుపు వెనుక ఏం జరుగుతోందో నివాసి మీకు చెప్పగలగడం మర్యాదకు సంబంధించిన విషయం మాత్రమే కాదు, స్కోరును నిర్ణయించే విషయం కూడా.

లక్షణం: స్మోక్ అలారానికి ప్లాస్టిక్ కవరో, గుడ్డో కట్టి ఉంది

ఇన్‌స్పెక్టర్ దృష్టిలో ఇది ప్రాణాపాయకరమైన లోపం, 24 గంటల్లో సరిచేయాలి. చాలా ఆఫీసులు దీన్ని నివాసి చేసిన నష్టంగా నమోదు చేసి, లీజు ఉల్లంఘన నోటీసు పంపి ఊరుకుంటాయి. నా దృష్టిలో ఇది తప్పుడు రోగనిర్ధారణ. తెలుగింటి వంటలో తాలింపు రోజూ ఉంటుంది. ఎండుమిర్చి నూనెలో పడగానే లేచే పొగకు అలారం మోగుతుంది. మోగినప్పుడు ఏం చేయాలో ఆ ఇంట్లోని పెద్దావిడకు ఎవరూ ఆమె భాషలో చెప్పలేదు. పొరుగువారు ఏమంటారో, ఫైరింజను వస్తుందేమో అన్న భయంతో ఆమె తనకు తోచిన ఉపాయం చేసింది.

పరిష్కారాన్ని పరికరంతో మొదలుపెట్టండి. సబ్సిడీ ఇళ్లలోని అలారాలు కరెంటు లైనుకు కలిపినవై ఉండాలని, లేదా బ్యాటరీ మార్చనవసరం లేకుండా 10 సంవత్సరాలు పనిచేసే సీలు వేసినవై ఉండాలని 2022లో వచ్చిన చట్టం చెబుతుంది. అది 2024 డిసెంబరు చివరి నుంచి అమలులో ఉంది. ఆ సీలు వేసిన అలారాలకు మోతను తాత్కాలికంగా ఆపే బటన్ కూడా ఉండాలని అదే చట్టం కోరుతోంది. ఆ బటన్ ఎక్కడుందో చేతితో నొక్కించి చూపించడానికి రెండు నిమిషాలు చాలు. ఎత్తులో ఉంటే కుర్చీ ఎక్కవద్దని చెప్పి, దేనితో నొక్కాలో కూడా చూపించండి. అలారం పొయ్యికి మరీ దగ్గరగా ఉంటే దాని స్థానాన్ని మార్చవచ్చేమో చూడండి, ఎందుకంటే వంట పరికరానికి 10 అడుగుల లోపల దాన్ని సాధారణంగా అమర్చకూడదు. వంటగదిలోని ఫ్యాన్ పనిచేస్తోందో లేదో కూడా పరీక్షించండి. ఇవన్నీ చూశాక కూడా అలారానికి కవరు కడితే అప్పుడు లీజు సంగతి ఆలోచించవచ్చు.

లక్షణం: తనిఖీ రోజున తలుపు తీయడం లేదు

పబ్లిక్ హౌసింగ్‌లో, కారణం తెలుపుతూ కనీసం రెండు రోజుల ముందు రాతపూర్వకంగా ఇంటికి చేర్చిన నోటీసు సరైన ముందస్తు సమాచారంగా చెల్లుతుంది. అయితే ఆంగ్లంలో పంపిన కాగితం తలుపు కింద నుంచి లోపలికి వెళ్లినంత మాత్రాన సమాచారం చేరినట్టు కాదు. దీనికి తోడు మరో సూక్ష్మమైన కారణం ఉంది. తెలుగులో ‘తనిఖీ’ అనగానే అధికారులు సోదా చేయడానికి వస్తున్నారన్న భావన కలుగుతుంది. కొడుకో, కూతురో వచ్చి ఉంటే, మన ఇంట్లో ఎవరున్నారో చూడడానికి వస్తున్నారని భయపడతారు. ఇన్‌స్పెక్టర్ చూసేది ఇంటి భద్రతను మాత్రమే. వీసా కాగితాలు అడగడం అతని పని కాదు. ఆ మాట నోటీసులోనే ఉండాలి. ఈ పాఠాన్ని మీ అవసరానికి తగినట్టు మార్చుకోవచ్చు:

“అమ్మా, అయ్యా, ఫలానా తేదీన ఉదయం ఇన్ని గంటల నుంచి ఇన్ని గంటల మధ్య మీ ఇంటిని చూడడానికి ఒక ఇన్‌స్పెక్టర్, మా ఆఫీసు మనిషి కలిసి వస్తారు. స్మోక్ అలారాలు, కరెంటు, నీళ్ల పైపులు, తలుపులు, కిటికీలు సరిగా ఉన్నాయో లేదో చూస్తారు. మీ పత్రాలు అడగరు. ఏదైనా పాడైతే ఇప్పుడే మాకు చెప్పండి, ముందే బాగుచేయిస్తాం. తెలుగులో మాట్లాడాలంటే ఆఫీసుకు ఫోన్ చేసి ‘తెలుగు’ అని చెప్పండి, ఖర్చు లేకుండా దుభాషిని కలుపుతాం.”

చదవడం రానివారికి ఇదే పాఠాన్ని ఫోన్‌లో ఆడియోగా పంపండి. పూజగది దగ్గర బూట్లతో తిరగడం చాలా కుటుంబాలను నొప్పిస్తుంది కనుక, బూట్లపై తొడిగే కవర్లు వెంట పెట్టుకుంటే తలుపు తీసే చేయి అంత సంకోచించదు.

లక్షణం: దుభాషిని పిలిచాం, అయినా నివాసి తల ఊపడం తప్ప ఏమీ చెప్పలేదు

ఫైలులో ‘ఇండియన్’ అని ఉంటే ఆఫీసువారు హిందీ దుభాషిని కలిపేస్తారు. గుంటూరు జిల్లాలోని పల్లె నుంచి వచ్చిన పెద్దాయనకు హిందీ అర్థం కాకపోవచ్చు. మర్యాద కొద్దీ సరే, సరే అంటారు. ఆ ‘సరే’ను అంగీకారంగా రాసుకున్న ఆఫీసు తర్వాత చాలా నష్టపోతుంది. ఇంటికి చేరిన మొదటి రోజే ఏ భాషలో మాట్లాడతారు, ఏ భాషలో చదువుతారు అని రెండు ప్రశ్నలు విడివిడిగా అడిగి, ఆ సమాధానాలను వర్క్ ఆర్డర్ (మరమ్మతు అభ్యర్థనలు నమోదు చేసే) సాఫ్ట్‌వేర్‌లో కూడా కనిపించేలా నమోదు చేయండి. తెలుగు దుభాషులు స్పానిష్‌వారంత సులువుగా దొరకరు కాబట్టి తనిఖీ తేదీ తెలియగానే సమయం కేటాయించుకోండి. మనవడినో, పక్క అపార్ట్‌మెంట్ తెలుగాయననో దుభాషిగా నిలబెట్టవద్దు. పిల్లవాడు అన్నీ చెప్పలేడు, పొరుగాయన అన్నీ బయట చెప్పవచ్చు. మీకే తెలుగు వస్తే రోజువారీ మాటలకు అది వరమే. అయితే ఇల్లు ఖాళీ చేయించే నోటీసులాంటి పత్రాన్ని వివరించేటప్పుడు మీరు యజమాని తరఫు మనిషి. అక్కడ బయటి దుభాషినే పెట్టండి.

లక్షణం: వర్క్ ఆర్డర్లు తక్కువ, తనిఖీలో లోపాలు ఎక్కువ

ఫిర్యాదులు రాకపోవడాన్ని సంతృప్తిగా భావించవద్దు. సింకు కింద నీరు కారుతున్నా, ప్లగ్ పాయింటు కవర్ ఊడి తీగలు కనిపిస్తున్నా, అడిగితే అద్దె పెంచుతారేమో అన్న అనుమానంతో సర్దుకుపోయే కుటుంబాలు ఉన్నాయి. భాషల వారీగా వర్క్ ఆర్డర్లు లెక్కవేసి చూడండి. ఏ భాషవారి ఇళ్ల నుంచి ఏడాదిగా ఒక్క ఫోనూ రాలేదో, తనిఖీకి ముందు ఆ ఇళ్లకే దుభాషిని తోడు తీసుకుని వెళ్లండి. మరమ్మతు అడిగినందుకు డబ్బు వసూలు చేయరన్న మాట మొదట చెప్పండి; నివాసి చేసిన నష్టానికి లీజులో వేరే నియమం ఉంటే దాన్నీ దాచకుండా వివరించండి.

లక్షణం: సరిచేశాం, కానీ గడువు దాటింది

ప్రాణాపాయకరమైన, తీవ్రమైన లోపాలకు 24 గంటలు, మధ్యస్థమైన వాటికి 30 రోజులు, చిన్న వాటికి 60 రోజులు గడువు. ఇరవై నాలుగు గంటల పనికి తలుపు తట్టేటప్పుడు ఇంట్లో ఉన్నవారికి మీరెందుకు మళ్లీ వచ్చారో తెలియకపోతే సగం రోజు అక్కడే పోతుంది. తరచూ వచ్చే మరమ్మతులకు నాలుగు వాక్యాల తెలుగు కార్డులు ముందే ముద్రించి మెయింటెనెన్స్ వారి చేతిలో పెట్టండి. అనువాద యంత్రాలతో చేసినవాటిని తెలుగు తెలిసిన మనిషి చదవకుండా పంచవద్దు.

లక్షణం: “ఆ ఉత్తర్వు రద్దయిందిగా” అని యజమాని ఖర్చు ఆపమంటున్నారు

2000లో వచ్చిన 13166వ కార్యనిర్వాహక ఉత్తర్వు, భాషా సహాయంపై కేంద్ర సంస్థలకు దారి చూపింది. దానిని 2025 మార్చి 1న 14224వ ఉత్తర్వు రద్దు చేసింది. కానీ కేంద్ర నిధులు అందుకునే చోట జాతి, జాతీయ మూలం ఆధారంగా వివక్షను నిషేధించే 1964 పౌర హక్కుల చట్టంలోని టైటిల్ 6ను, ఇళ్ల విషయంలో అలాంటి వివక్షను నిషేధించే ఫెయిర్ హౌసింగ్ చట్టాన్ని ఏ ఉత్తర్వూ రద్దు చేయలేదు. కొన్ని రాష్ట్రాలకు సొంత నియమాలున్నాయి. ఉదాహరణకు కాలిఫోర్నియాలో స్పానిష్, చైనీస్, టగాలగ్, వియత్నామీస్, కొరియన్‌లలో బేరమాడిన లీజులకు ఆ భాషలో అనువాదం ఇవ్వాలి. ఆ జాబితాలో తెలుగు లేదు. అందుకే యజమానికి చట్టాన్ని చూపించడంతో ఆగకుండా, పోయినసారి తనిఖీ నివేదికను తెరిచి, భాష వల్ల వచ్చిన లోపాలను ఒక్కొక్కటిగా గుర్తించి, ఆ ఇళ్ల మరమ్మతు, మళ్లీ తనిఖీ ఖర్చుల పక్కన దుభాషి బిల్లును ఉంచండి. టైటిల్ 6 విషయంలో మీ రాష్ట్రంలోని ఒక న్యాయవాది అభిప్రాయాన్ని రాతపూర్వకంగా తీసుకుని ఆ నివేదికతో పాటు దాచుకోండి.