గింప్ నేర్చుకుంటారా? ముందు లేయర్ పట్టుకోండి

విజయనగరం గంటస్తంభం దగ్గర మాది ఫ్లెక్స్ డిజైన్ షాపు. పని నేర్పమని వచ్చే కుర్రాళ్లకి ముందు గింపే వేసిస్తాను, ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్ అది. 1996 నుంచీ ఉంది, పైసా కట్టక్కర్లేదు. తెలుగు ఒత్తులూ విడిపోవు.

టూల్స్ అన్నీ బట్టీ పట్టకండి. ఒక్క ఫొటో చాలు, సిరిమాను జాతర రోజు కోట ముందు తీసిందనుకుందాం. లేయర్ అంటే ఒకదాని మీద ఒకటి పరిచే పొర. ఫొటో ఉన్న లేయర్‌ని డూప్లికేట్ చేయండి, అసలుదాన్ని ముట్టుకోవద్దు. కలర్స్ మెనూలో లెవెల్స్ తెరిచి మధ్య బాణాన్ని కాస్త ఎడమకి జరిపితే నీడలో ఉన్న మొహాలు తేలతాయి. మరీ జరిపితే పౌడర్ కొట్టినట్టు పాలిపోతాయి.

వెనకాల జనాన్ని తీసేయాలా? ఎరేజర్ జోలికి పోకండి. కింది లేయర్‌కి కన్ను గుర్తు ఆపి, పైదానికి లేయర్ మాస్క్, అంటే దాచిపెట్టే ముసుగు, పెట్టండి. నల్ల బ్రష్‌తో రుద్దితే మాయం, తెల్లదానితో రుద్దితే మళ్లీ ప్రత్యక్షం. కీబోర్డులో ఎక్స్ నొక్కితే రంగులు అటూ ఇటూ మారతాయి. జుట్టు అంచు దగ్గర 200 శాతం జూమ్ చేసి, మెత్తటి చిన్న బ్రష్ వాడండి. కొత్తవాళ్లు విసుగొచ్చి లేచిపోయేది ఇక్కడే.

పని ఫైలు లేయర్లు చెదరకుండా గింప్ సొంత ఫార్మాట్ ఎక్స్‌సీఎఫ్‌లో దాచుకుని, కస్టమర్‌కి జేపెగ్ ఎక్స్‌పోర్ట్ చేయండి. 4×6 అంగుళాల ప్రింటు బాగా రావాలంటే 1200×1800 పిక్సెల్స్ ఉండాలి. వాట్సాప్‌లో నలిగి వచ్చిన ఫొటో అయితే డాక్యుమెంట్‌గా మళ్లీ పంపమనండి.