పెన్‌డ్రైవ్ "ఫార్మాట్ చేయాలి" అంటోందా? క్యాన్సిల్ కొట్టి, ఫైళ్లు ఇలా బయటికి తీయండి

పెన్‌డ్రైవ్ గుచ్చగానే ఫోల్డర్ తెరుచుకోకుండా, "ఈ డ్రైవ్ వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి" అని విండోస్ ఓ చిన్న పెట్టె చూపిస్తుంది. అందులో రెండు బటన్లుంటాయి, ఫార్మాట్ డిస్క్, క్యాన్సిల్. క్యాన్సిల్ నొక్కి, పెన్‌డ్రైవ్ తీసి పక్కన పెట్టి, ముందు ఒక టీ తాగి రండి. నిజంగానే చెబుతున్నా, ఇలాంటప్పుడు డ్రైవ్ చేసిన నష్టం కంటే ఆ తర్వాత అరగంటలో మనం టెన్షన్‌లో చేసుకునే నష్టమే ఎక్కువ. ఫార్మాట్ కొట్టేస్తాం, లేదంటే యూట్యూబ్‌లో ఎవరో చెప్పారని చెక్‌డిస్క్ (డ్రైవ్‌లో తప్పులు సరిచేసే విండోస్ పనిముట్టు) నడిపేస్తాం, అదీ కాకపోతే రికవరీ సాఫ్ట్‌వేర్ దించుకుని, వచ్చిన ఫైళ్లను మళ్లీ అదే పెన్‌డ్రైవ్‌లో సేవ్ చేస్తాం.

ఫైలు డిలీట్ చేసినా, డ్రైవ్ కరప్ట్ అయినా లోపలున్న డేటా మామూలుగా అప్పటికప్పుడు చెరిగిపోదు. రికార్డుల్లో పట్టాదారు పేరు కొట్టేసినంత మాత్రాన పొలంలో చేను మాయమవదు కదా, ఇంకొకడు వచ్చి దున్నితేనే పోతుంది. చాలా పెన్‌డ్రైవ్‌లలో ఉండే ఫ్యాట్32 తీసుకోండి, ఏ ఫైలు ఎక్కడుందో జాబితా రాసుకునే పద్ధతి (ఫైల్ సిస్టమ్) అది. మీరు ఫైలు డిలీట్ చేస్తే, జాబితాలో ఆ పేరు మొదటి బైటు స్థానంలో ఈ5 (E5) అనే గుర్తు పడుతుంది, ఆ ఫైలు ఉన్న చోటు ఖాళీ అని నమోదవుతుంది. ఫోటో మాత్రం ఉన్నచోటే ఉంటుంది, దానిమీద కొత్త ఫైలు పడేదాకా. అందుకే కింద చెప్పేవాటన్నిటికీ ఒకటే షరతు: పాడైన డ్రైవ్‌లోంచి చదవడం వరకే, దానిమీద ఒక్క బైటు కూడా రాయకూడదు. కెమెరా ఎస్‌డీ కార్డు అయితే పక్కన లాక్ అని చిన్న మీట ఉంటుంది, కంప్యూటర్‌లో పెట్టేముందే దాన్ని లాక్ వైపు జరపండి. మైక్రో ఎస్‌డీ పెట్టే అడాప్టర్‌కి కూడా అది ఉంటుంది.

ఆశ పెట్టుకోకూడని చోట్లు కూడా ముందే చెప్పేస్తాను. ల్యాప్‌టాప్ లోపలి ఎస్ఎస్‌డీలో (తిరిగే పళ్లెం లేని, చిప్‌లతో చేసిన డిస్క్) రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేసేసి ఉంటే కష్టం, ఎందుకంటే విండోస్ 7 నుంచి ట్రిమ్ అనే ఆదేశం ఉంది, డిలీట్ చేసిన చోటు ఇక అక్కర్లేదని ఎస్ఎస్‌డీకి అది చెప్పేస్తుంది, ఎస్ఎస్‌డీ దాన్ని నిజంగానే తుడిచేసుకుంటుంది. ఇప్పటి ఆండ్రాయిడ్ ఫోన్ల లోపలి మెమొరీ ఎన్‌క్రిప్ట్ అయి (తాళంచెవి లేనిదే చదవలేనట్టు మారి) ఉంటుంది కాబట్టి, డిలీట్ చేసిన ఫోటోలు తెచ్చిస్తామనే యాప్‌లు చాలావరకు పాత థంబ్‌నెయిల్స్ (ఫోటోల చిన్న నమూనాలు) చూపించి ప్రకటనలు అమ్ముకునేవే. గూగుల్ ఫోటోస్‌లో బ్యాకప్ అయి ఉంటే డిలీట్ చేసినా 60 రోజులు బిన్‌లో ఉంటాయి, అక్కడ చూసుకోండి. ఫోన్‌లో పెట్టిన మెమొరీ కార్డును "ఇంటర్నల్ స్టోరేజ్‌గా వాడు" అని సెట్ చేసి ఉంటే, ఆ కార్డు ఆ ఫోన్‌లో తప్ప ఇంకెక్కడా చదవలేరు, కంప్యూటర్‌లో పెడితే ఖాళీగానో, పాడైనట్టుగానో కనిపిస్తుంది. కంగారుపడి ఫార్మాట్ చేయకుండా తిరిగి ఫోన్‌లో పెట్టండి.

అసలు పోయాయా, దాక్కున్నాయా?

హాల్‌టికెట్ ప్రింట్ కోసమో, ఆధార్ కాపీ కోసమో జిరాక్స్ షాపులో పెన్‌డ్రైవ్ ఇచ్చి తెచ్చుకున్నాక ఫోల్డర్ల స్థానంలో షార్ట్‌కట్లు కనిపిస్తున్నాయంటే అది వైరస్ పని. ఫైళ్లు లోపలే భద్రంగా ఉంటాయి, కనిపించకుండా దాచేసి ఉంటుందంతే. ఆ షార్ట్‌కట్ల మీద మాత్రం డబుల్ క్లిక్ చేయకండి, మీ కంప్యూటర్‌కి కూడా అంటుకుంటుంది. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ మెనూలోకి వెళ్లి హిడెన్ ఐటమ్స్ టిక్ పెట్టండి. అప్పటికీ రాకపోతే ఫోల్డర్ ఆప్షన్స్‌లో "హైడ్ ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్స్" దగ్గర టిక్ తీసేయండి. ఒక్కోసారి అన్నిటినీ పేరే లేని ఒక ఫోల్డర్‌లోకి నెట్టేసి ఉంటుంది, అది కూడా ఇప్పుడు కనిపిస్తుంది. మీ ఫోటోలు, డాక్యుమెంట్లు మాత్రమే కాపీ చేసుకుని, మిగతావి వదిలేసి, ఆ తర్వాత డ్రైవ్ ఫార్మాట్ చేసుకోండి. మీ పని ఇక్కడే అయిపోయింది.

డ్రైవ్ పరిస్థితి ఏంటో చూడండి

స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేస్తే డిస్క్ మేనేజ్‌మెంట్ వస్తుంది, తెరవండి. "ఇనిషియలైజ్ డిస్క్" అని అడిగితే అదీ క్యాన్సిలే. కింద మీ డ్రైవ్ వరుస వెతకండి. 32 జీబీ పెన్‌డ్రైవ్‌కి 29 జీబీ చిల్లర చూపించి పక్కన రా (RAW) అని ఉంటే చాలా మంచి లక్షణం, లోపలి మెమొరీ బాగానే ఉంది, ఫైల్ సిస్టమ్ మాత్రమే చెడింది. "అన్‌అలొకేటెడ్" అని ఉన్నా ఫర్వాలేదు. "నో మీడియా" అని ఉన్నా, సైజు సున్నాగానో కొద్ది ఎంబీలుగానో చూపిస్తున్నా, దాని కంట్రోలర్ చిప్ పోయినట్టే అనుకోవచ్చు, దానికి ఏ సాఫ్ట్‌వేరూ పనిచేయదు, ల్యాబ్‌కే వెళ్లాలి. అసలేమీ కనిపించకపోతే వేరే యూఎస్‌బీ పోర్టు, వేరే కంప్యూటర్, కార్డయితే వేరే రీడర్ ప్రయత్నించండి. కార్డు బాగుండి రీడర్ చెడిపోవడం మీరనుకునేంత అరుదు కాదు. డ్రైవ్ మీద తాళం బొమ్మ ఉంటే అది బిట్‌లాకర్ (డ్రైవ్‌కి విండోస్ వేసే తాళం), దానికి 48 అంకెల రికవరీ కీ కావాలి, మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో సేవ్ అయి ఉందేమో చూసుకోండి.

చెక్‌డిస్క్ గురించి ఒక మాట. అది ఫైల్ సిస్టమ్‌ని బాగుచేసే పనిముట్టు, మీ ఫైళ్లను కాపాడే పనిముట్టు కాదు. పొంతన కుదరని ముక్కల్ని ఫౌండ్.000 అనే ఫోల్డర్‌లో సీహెచ్‌కే (.chk) ఎక్స్‌టెన్షన్‌తో పడేస్తుంది, పేర్లుండవు, పైగా ఈ మార్పులన్నీ ఆ డ్రైవ్ మీదే రాసేస్తుంది. కాపీ తీసుకున్నాక ఏమైనా చేసుకోండి, ముందు మాత్రం వద్దు.

ముందు డ్రైవ్ మొత్తానికి ఒక నకలు తీయండి

ఇది చాలామంది దాటేసే మెట్టు, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది కూడా ఇదే. కరప్ట్ అయిన డ్రైవ్ ఎప్పుడైనా పూర్తిగా చచ్చిపోవచ్చు కాబట్టి, అది ఊపిరితో ఉండగానే మొదటి బైటు నుంచి చివరి బైటు దాకా ఒకే ఫైలుగా, ఇమేజ్‌గా, హార్డ్ డిస్క్‌లోకి దించుకుని, ఆ తర్వాత తవ్వకాలన్నీ ఆ ఇమేజ్ మీదే చేయాలి. టెస్ట్‌డిస్క్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఈ సౌకర్యం ఉంది. దాన్ని సీజీసెక్యూరిటీ సైట్ నుంచే దించుకోండి, ఇంకెక్కడి నుంచీ వద్దు. జిప్ విప్పి, రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్‌తో తెరవండి. నల్ల తెర చూసి భయపడకండి, బాణం గుర్తులు, ఎంటర్, అంతే పని.

లాగ్ అక్కర్లేదని చెప్పి, డ్రైవ్ ఎంచుకోండి. ఇక్కడ పేరు కంటే సైజు చూసి గుర్తుపట్టడం నయం. పార్టిషన్ (డ్రైవ్‌లో విడగొట్టిన భాగం) రకం అది సూచించినదే ఉంచి, అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి, పార్టిషన్ మీద నిలబడి, ఇమేజ్ క్రియేషన్ ఎంచుకుని, ఎక్కడ పెట్టాలో చూపించండి. పార్టిషన్లేవీ కనిపించకపోతే వెనక్కి వచ్చి రకం దగ్గర నన్ (None) ఎంచుకోండి. ఇమేజ్ పెట్టే చోటు ఫైల్ సిస్టమ్ ఎన్‌టీఎఫ్ఎస్ లేదా ఎక్స్‌ఫ్యాట్ అయి ఉండాలి, ఎందుకంటే ఫ్యాట్32లో 4 జీబీకి మించిన ఫైలు పట్టదు. పాత యూఎస్‌బీ 2.0 డ్రైవ్ అయితే 32 జీబీకి సుమారు అరగంట పడుతుంది. మధ్యలో చదవలేక పదేపదే ఆగిపోతుంటే ఉబుంటు లైవ్ యూఎస్‌బీతో (ఇన్‌స్టాల్ చేయకుండానే పెన్‌డ్రైవ్ నుంచి నడిచే లినక్స్) కంప్యూటర్ ఆన్ చేసి జీఎన్‌యూ డీడీరెస్క్యూ వాడాలి. అది ముందు తేలిగ్గా వచ్చే భాగాలన్నీ లాగేసి, మొరాయించే చోట్లకి ఆఖర్న వస్తుంది, ఎంతవరకు అయిందో ఒక మ్యాప్ ఫైలులో రాసుకుంటుంది కాబట్టి కరెంటు పోయినా మొదటికి రావక్కర్లేదు.

పేర్లతో సహా తెచ్చుకునే ప్రయత్నం

ఇమేజ్ ఫైలును మౌస్‌తో లాగి టెస్ట్‌డిస్క్ ఐకాన్ మీద వదలండి, దాన్నే ఒక డ్రైవ్‌లా తెరుస్తుంది. మళ్లీ అడ్వాన్స్‌డ్, పార్టిషన్, అక్కడ బూట్‌లోకి వెళ్తే బూట్ సెక్టర్ (డ్రైవ్ వివరాలుండే మొదటి ముక్క) బాగుందా, దాని బ్యాకప్ బాగుందా అని రెండు వరుసల్లో చెబుతుంది. ఫ్యాట్32లో మామూలుగా 6వ సెక్టర్‌లో ఒక బ్యాకప్ ఉంటుంది. అసలుది బ్యాడ్, బ్యాకప్ ఓకే అని ఉంటే మీరు అదృష్టవంతులే, బ్యాకప్ బీఎస్ నొక్కితే అది అసలు చోటికి కాపీ అవుతుంది. మనం ఇమేజ్ మీద ఉన్నాం కాబట్టి ఇక్కడ రాసినా పెన్‌డ్రైవ్‌కి ఏమీ కాదు. లిస్ట్ నొక్కితే ఫోల్డర్లు వరుసగా కనిపిస్తాయి, డిలీట్ అయినవి ఎర్ర రంగులో ఉంటాయి. చిన్న ఏ నొక్కితే అన్నీ సెలెక్ట్ అవుతాయి, పెద్ద సీ నొక్కితే సెలెక్ట్ చేసినవన్నీ కాపీ అవుతాయి.

డ్రైవ్ మామూలుగానే తెరుచుకుంటూ, ఏదో ఒకటి పొరపాటున డిలీట్ చేశారంతే అంటే ఇంత అక్కర్లేదు. రెకువా లాంటి రికవరీ సాఫ్ట్‌వేర్ సరిపోతుంది. దాన్ని కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేయండి, పెన్‌డ్రైవ్‌లో కాదు.

పేర్లు పోయినా ఫైళ్లు కావాలంటే

లిస్ట్‌లో ఏమీ రాకపోయినా, ఇప్పటికే క్విక్ ఫార్మాట్ కొట్టేసినా, టెస్ట్‌డిస్క్ జిప్‌లోనే ఫోటోరెక్ కూడా ఉంటుంది. (క్విక్ కాకుండా ఫుల్ ఫార్మాట్ చేసి ఉంటే మాత్రం విండోస్ విస్టా నుంచి అది డ్రైవ్ అంతా సున్నాలు నింపేస్తుంది, ఇక ఎవరూ ఏమీ చేయలేరు.) ఫోటోరెక్ జాబితాల జోలికి పోదు. డేటాను నేరుగా చదువుకుంటూ పోయి, ఎక్కడ ఏ రకం ఫైలు మొదలవుతుందో ఆనవాలు పడుతుంది. ప్రతి జేపెగ్ ఫోటో ఎఫ్ఎఫ్ డీ8 అనే రెండు బైట్లతో మొదలవుతుంది, వర్డ్, ఎక్సెల్ కొత్త ఫైళ్లు పీకే అనే రెండు అక్షరాలతో మొదలవుతాయి. ఇలా దొరికినచోటల్లా ఫైలును కోసి బయట పెడుతుంది.

మౌస్‌తో పనయ్యే క్యూఫోటోరెక్ తెరవండి. యాడ్ రా డిస్క్ ఇమేజ్ అని ఉన్నచోట మీ ఇమేజ్ చూపించి, కింద ఫ్యాట్, ఎన్‌టీఎఫ్ఎస్ ఉన్న వరుస ఎంచుకోండి. డిలీట్ చేసినవే కావాలంటే ఫ్రీ, డ్రైవే కరప్ట్ అయితే హోల్ (Whole). ఫైల్ ఫార్మాట్స్‌లో మీకు కావాల్సినవి మాత్రం ఉంచితే తర్వాత ఏరుకునే పని తగ్గుతుంది. సేవ్ చేసే ఫోల్డర్ కంప్యూటర్‌లో పెట్టి సెర్చ్ నొక్కి, వదిలేసి వెళ్లండి.

తిరిగి వచ్చేసరికి రీకప్ డిర్ 1, 2 అంటూ ఫోల్డర్లు పేరుకుంటాయి. పేర్లన్నీ ఎఫ్ తర్వాత ఒక పొడుగాటి అంకె. టీ తో మొదలయ్యేవి థంబ్‌నెయిల్స్, అవి ముందే తీసిపారేయండి. మిగిలిన కెమెరా ఫోటోల్ని ఎక్స్‌ప్లోరర్‌లో డేట్ టేకెన్ ప్రకారం సర్దితే పెళ్లి ఒకవైపు, గృహప్రవేశం ఒకవైపు వాటంతటవే విడిపోతాయి. వాట్సాప్‌లో వచ్చిన ఫోటోలకి ఆ తేదీ ఉండదు, వాటిని కళ్లతో చూసి ఏరుకోవాల్సిందే.

కొన్ని ఫోటోలు సగం బాగుండి కింది సగం బూడిద రంగులో వస్తాయి. ఆ ఫైలు డ్రైవ్‌లో ముక్కలుగా వేర్వేరు చోట్ల ఉండటమో, సగం మీద వేరేది పడటమో కారణం. వీడియోలకి ఈ బాధ ఇంకా ఎక్కువ. రికార్డింగ్ మధ్యలో బ్యాటరీ అయిపోయిన ఎంపీ4 అయితే, వీడియో ఎలా చదవాలో చెప్పే మూవ్ (moov) అనే భాగం కెమెరాలు సాధారణంగా చివర్లో రాస్తాయి కాబట్టి, అది లేక వీడియో తెరుచుకోదు. అన్‌ట్రంక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, అదే కెమెరాతో, అదే సెట్టింగ్స్‌తో తీసిన ఒక మంచి వీడియో నమూనాగా ఇస్తే దాన్ని చూసి చెడిన దాన్ని సరిచేస్తుంది. పెళ్లి వీడియోలు తీసేవాళ్లు దీన్ని గుర్తుపెట్టుకోవాలి.

డీటీపీ చేసేవాళ్లకి ఇంకొకటి. రికవర్ అయిన ఫైలు తెరిస్తే తెలుగు పోయి ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, పిచ్చి గుర్తులు కనిపిస్తే వెంటనే చెత్తలో వేయకండి. అది అను ఫాంట్లలో (యూనికోడ్ కాని తెలుగు ఫాంట్లు) టైపు చేసిన మ్యాటర్ అయి ఉండొచ్చు, ఆ ఫాంట్లున్న కంప్యూటర్‌లో తెరిచి చూడండి.

హార్డ్ డిస్క్ అయితే లెక్క వేరు

ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ టక్ టక్ అని కొట్టుకుంటుంటే, కింద పడి ఉంటే, వెంటనే ఆపేయండి. లోపల హెడ్ ప్లేటును గీసే ప్రమాదం ఉంది, ఆన్‌లో ఉంచిన ప్రతి నిమిషం నష్టమే. ఫ్రిజ్‌లో పెడితే పనిచేస్తుందనే చిట్కా మానేయండి, తేమ పట్టి ఉన్నదీ పోతుంది. శబ్దమేమీ లేకపోతే డిస్క్ ఆరోగ్యం చెప్పే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో సాఫ్ట్‌వేర్‌లో చూడండి, కరెంట్ పెండింగ్ సెక్టర్ దగ్గర సున్నా కాకుండా అంకె ఉంటే చదవలేని చోట్లున్నాయని అర్థం, నేరుగా డీడీరెస్క్యూకి వెళ్లండి. ఇక షాపుకే ఇవ్వాల్సి వస్తే, సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ షాపుల సముదాయం సీటీసీలో అయినా మీ ఊళ్లో అయినా, డిస్క్ విప్పుతారా, విప్పితే ఎక్కడ విప్పుతారు, డేటా రాకపోతే ఎంత తీసుకుంటారు, పనయ్యాక తమ దగ్గరున్న కాపీ చెరిపేస్తారా అని అడిగి మరీ ఇవ్వండి. మామూలు గదిలో, ఫ్యాన్ కింద డిస్క్ మూత తీసేవాళ్లకి ఇవ్వకండి.

ఫైళ్లన్నీ వచ్చాక

తెరిచి చూడండి, నాలుగైదు కాదు, ముఖ్యమైనవన్నీ. వేరే చోట రెండో కాపీ పెట్టాకే పాత పెన్‌డ్రైవ్‌ని ఫార్మాట్ చేయండి. దాన్ని మళ్లీ నమ్మొచ్చా అని తేల్చుకోవాలంటే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే సాఫ్ట్‌వేర్‌తో నింపి పరీక్షించండి, 64 జీబీ అని అమ్మిన నకిలీ సరుకు అయితే అక్కడే బయటపడుతుంది. ఒక్క ఎర్రర్ వచ్చినా పక్కన పడేయండి. పడేసేముందు లోపలి నల్ల చిప్‌ని సుత్తితో పగలగొట్టండి, మీకు దొరికిన ఫోటోలు అది దొరికినవాడికి కూడా దొరుకుతాయి.