పెళ్లికి ముందు చైనా ఉద్యోగం మానడం – పాఠం 4: అర్జీ కాదు, నోటీసు

పోయిన పాఠంలో "30 రోజుల ముందు రాసి ఇవ్వండి" అని ఒక్క ముక్క చెప్పి ముందుకు వెళ్లిపోయాను. అక్కడ ఆగి వివరంగా చెప్పాల్సింది. ఆ ముక్క పట్టుకుని రాజీనామా చేసినవాళ్లలో ముగ్గురు ఇబ్బందిలో పడ్డారు, ముగ్గురిదీ దాదాపు ఒకటే తప్పు. సూజౌలో ఒకమ్మాయి మేనేజరుకి వీచాట్‌లో వాయిస్ మెసేజ్ పెట్టి ఆ రోజు నుంచే లెక్క మొదలుపెట్టింది. గ్వాంగ్‌జౌలో ఒకబ్బాయి కంపెనీ యాప్‌లో రాజీనామా ఫారం నింపి, అది అప్రూవ్ అవుతుందని ఐదు వారాలు ఎదురు చూశాడు. మూడో ఆవిడ ఉత్తరం చక్కగా రాసింది కానీ చివర "దయచేసి అనుమతించగలరు" అని పెట్టింది. కంపెనీవాళ్లు "మీ స్థానంలో మనిషి దొరికాక అనుమతిస్తాం" అన్నారు. ఇంటి దగ్గర చూస్తే ముహూర్తం పెట్టేశారు, శుభలేఖలు అచ్చుకి వెళ్లాయి.

అందుకే ఈసారి అనుకున్న రెసిడెన్స్ పర్మిట్ పాఠం వచ్చే వారానికి జరుపుతున్నాను.

చైనా కార్మిక ఒప్పంద చట్టం 2008 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. అందులో 37వ అధికరణ చాలా చిన్నది. ఉద్యోగి 30 రోజుల ముందు రాతపూర్వకంగా తెలియజేస్తే ఒప్పందం ముగించుకోవచ్చు, ప్రొబేషన్‌లో ఉంటే 3 రోజులు చాలు. అక్కడున్న మాట "తెలియజేయడం". "అడగడం" అనే మాట ఎక్కడా లేదు. కంపెనీ ఒప్పుకోవాలని కూడా లేదు.

మరి మనవాళ్లు ఎందుకు అడుగుతున్నారు? మనకి అలవాటు అలా పడింది. ఆరో తరగతిలో సెలవు చీటీ దగ్గర్నుంచి "నాకు రెండు రోజులు సెలవు మంజూరు చేయవలసిందిగా ప్రార్థిస్తున్నాను" అని రాసి రాసి, ఆఫీసుకి ఏం రాసినా చివర ప్రార్థన వచ్చేస్తుంది. చైనాలో కూడా ఇదే రోగం ఉంది. నెట్‌లో దొరికే నమూనాల్లో చాలావాటికి పైన "త్సిజ్రి షెన్‌చింగ్ షూ" అని ఉంటుంది. త్సిజ్రి అంటే రాజీనామా, షెన్‌చింగ్ అంటే దరఖాస్తు. మీరు దరఖాస్తు పెడితే, దాన్ని ఆమోదించాలా వద్దా అన్న ప్రశ్న మీరే పుట్టించినట్టు. తర్వాత గొడవై లేబర్ ఆర్బిట్రేషన్‌కి, అంటే ఉద్యోగ వివాదాలు తేల్చేచోటికి, వెళ్తే అక్కడ మీ ఉద్దేశం ఏమిటో చూస్తారు, మీ తరఫున వాదించుకోవడానికి దారి ఉంటుంది, నిజమే. కానీ పెళ్లికి వెళ్లాల్సిన మనిషికి అంత టైమ్ ఎక్కడిది? మొదటే "త్సిజ్రి థుంగ్‌జ్రి షూ" అని రాయండి. థుంగ్‌జ్రి అంటే తెలియజేయడం. తేడా ఒక్క మాటే అయినా ఆ మూడో ఆవిడ మీద పడిన టెన్షనంతా దాని వల్లే.

హెచ్.ఆర్. ఒక ఫారం చేతికిచ్చి "ఇది నింపండి" అంటే దాని మీద షెన్‌చింగ్ అనే అచ్చు వేసి ఉంటుంది. నింపండి, గొడవ పడొద్దు. కానీ దానికంటే ముందు మీ సొంత నోటీసు వాళ్లకి చేరి ఉండాలి. నేనైతే ఫారం అడగకముందే కాగితం ఇచ్చేశాను.

ఉత్తరంలో ఏముండాలి? నాలుగు వాక్యాలు చాలు. ఫలానా పేరు, ఫలానా విభాగం, ఫలానా పాస్‌పోర్ట్ నంబరు గల నేను, కార్మిక ఒప్పంద చట్టం 37వ అధికరణ ప్రకారం ఒప్పందం ముగిస్తున్నట్టు తెలియజేస్తున్నాను. నా చివరి పనిదినం ఫలానా తేదీ. ఆ లోపు పని అప్పగిస్తాను. చివరి రోజున లీజ్రి జెంగ్‌మింగ్, అంటే ఉద్యోగం ముగిసిన ధృవపత్రం, ఇవ్వండి. కారణం దగ్గర "వ్యక్తిగత కారణాలు" అని రాస్తే సరిపోతుంది. పెళ్లి సంగతి నోటితో చెప్పండి, "వో యావ్ జ్యేహున్ ల" (నేను పెళ్లి చేసుకోబోతున్నాను) అనగానే ఎంత గంభీరంగా ఉండే బాస్ అయినా "కుంగ్‌షీ కుంగ్‌షీ" (శుభాకాంక్షలు) అంటాడు. కాగితం మీద మాత్రం పెళ్లి కోసం వెళ్లే దేశపు వీసా గురించి గానీ కాబోయే భర్త గురించి గానీ ఒక్క అక్షరం వద్దు. ఒక మినహాయింపు ఉంది. కంపెనీ మీకు జీతం బాకీ ఉంటే "వ్యక్తిగత కారణాలు" అని రాయకండి, అప్పుడు వాడాల్సింది 38వ అధికరణ, పరిహారం కూడా అడగొచ్చు.

లెక్క ఉత్తరం వాళ్లకి అందిన రోజు నుంచి. మార్చి 3న అందితే మర్నాడు ఒకటో రోజు, ఏప్రిల్ 2 ముప్పయ్యో రోజు. ఇవి క్యాలెండర్ రోజులు. ఆదివారాలు, అక్టోబర్ సెలవులు అన్నీ కలుస్తాయి. సెప్టెంబర్ 10న ఇస్తే అక్టోబర్ 10. అందినట్టు రుజువు కావాలి కాబట్టి కాగితం ఇచ్చి రెండో కాపీ మీద సంతకం తీసుకోండి. సంతకం పెట్టకపోతే ఈ.ఎం.ఎస్. (చైనా తపాలా వాళ్ల స్పీడ్ పోస్టు)లో పంపి, కవరు మీద లోపల ఏముందో రాసి, ఫొటో తీసుకోండి. ఆఫీసు ఈమెయిల్‌కి కూడా పంపండి. వాయిస్ మెసేజ్ రాతపూర్వకం కాదు.

ఇంకో సంగతి, ఇది నేను బతిమాలి చెబుతున్నాను. నోటీసు అందాక మీ అంతట మీరు వెనక్కి తీసుకోలేరు, కంపెనీ ఒప్పుకుంటేనే. కాబట్టి వీసా స్టాంపు పడకుండా ఇవ్వొద్దు. అమెరికాకి కె-1 వీసా (అమెరికా పౌరుల్ని పెళ్లాడబోయేవాళ్లకిచ్చే వీసా) మీద వెళ్లేవాళ్లకి వీసా మామూలుగా 6 నెలల దాకా చెల్లుతుంది, దిగాక 90 రోజుల్లో పెళ్లి జరగాలి. అంటే స్టాంపు పడ్డాక నోటీసు ఇచ్చినా 30 రోజులకి చోటుంది. కొత్త సంవత్సరం బోనస్ ఆశ ఉన్నవాళ్లు డబ్బు ఖాతాలో పడ్డాక ఇవ్వండి, చాలా కంపెనీలు నోటీసు ఇచ్చినవాళ్లకి బోనస్ ఎగ్గొడతాయి.

కాంట్రాక్టులో "మధ్యలో మానితే రెండు నెలల జీతం కట్టాలి" అని చూసి భయపడినవాళ్లు చాలామంది ఉన్నారు. చట్టం 25వ అధికరణ ప్రకారం, కంపెనీ ఖర్చుతో ప్రత్యేక శిక్షణ, పోటీ కంపెనీలో చేరకూడదన్న షరతు, ఈ రెండింటికి తప్ప ఉద్యోగి మీద జరిమానా పెట్టకూడదు. అయితే విదేశీయుల విషయంలో షాంఘైలో కాంట్రాక్టులో రాసుకున్నదానికి కోర్టులు ఎక్కువ విలువిస్తాయి. అక్కడివాళ్లు ముందు మీ కాంట్రాక్టులో నోటీసు గడువు ఎంతుందో చదవండి.

వాడని సెలవులు లెక్క కట్టి అడగండి. ఫోన్ నంబరు, బ్యాంకు ఖాతా అప్పుడే మూసేయకండి. మీ జీతంలోంచి పెన్షన్‌కి పోయిన 8 శాతం దేశం వదిలేటప్పుడు రాతపూర్వకంగా అడిగితే ఒకేసారి ఇస్తారు, అది ఆ ఖాతాలోకే రావచ్చు.

అభ్యాసం. నోటీసు చైనీస్‌లో చేత్తో ఐదుసార్లు రాయండి, కాపీ కొట్టకుండా. షెన్‌చింగ్ అన్న మాట ఒక్కసారి వచ్చినా మళ్లీ మొదటి నుంచి. ముహూర్తం తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టి ప్రయాణం, చివరి పనిదినం, నోటీసు తేదీ కాగితం మీద వేయండి, వీసా రావాల్సిన రోజుతో సహా. తర్వాత అద్దం ముందు నిలబడి, హెచ్.ఆర్. "ఇంకా అనుమతి రాలేదు" అన్నట్టు ఊహించుకుని, గొంతు పెంచకుండా ఇరవై సార్లు చెప్పండి: "జె షి థుంగ్‌జ్రి, బూ షి షెన్‌చింగ్." ఇది తెలియజేయడం, దరఖాస్తు కాదు.

చివరి రోజు తోటివాళ్లకి పంచడానికి షీథాంగ్, పెళ్లి మిఠాయిలు, ముందే కొనిపెట్టుకోండి. ఎర్ర పొట్లాలు. నేను మన కాజాలు కూడా కలిపాను, సాయంత్రానికి ఒక్కటీ మిగల్లేదు.